ముందు ఒళ్ళు ఎక్కడుండాలో తేలాలి, తర్వాతే బైక్: రోడ్ బైక్ నుంచి ట్రై బైక్‌కి మారేవాళ్ళతో ఒక మాట

(శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెడదాం.

ముందు నేనే అడుగుతాను. రోడ్ బైక్ మీద కనీసం ఒక్క ట్రయాథ్లాన్, అంటే ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన పోటీ, పూర్తి చేసినవాళ్ళు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. వచ్చే సీజన్‌కి ట్రై బైక్, అంటే ట్రయాథ్లాన్ కోసమే కట్టిన బైక్, కొనాలనుకుంటున్నవాళ్ళు చెయ్యి అలాగే ఉంచండి. దాదాపు ఎవరూ దించలేదు, సంతోషం. ఇప్పుడు ఇంకో ప్రశ్న. మోచేతులు ఆనించి ముందుకు వంగి పట్టుకునే కడ్డీలు, అంటే ఏరోబార్ల మీద వంగినప్పుడు మీ మోచేతులు బాటమ్ బ్రాకెట్‌కి, అంటే క్రాంకులు తిరిగే ఆ ఇరుసుకి, ఎంత ఎత్తులో ఉండాలి, ఎంత ముందుకి ఉండాలి? మిల్లీమీటర్లలో తెలిసినవాళ్ళు మాత్రం చెయ్యి ఉంచండి. ఇద్దరు. ఇంతమందిలో ఇద్దరే. ఈ పూట నేను చెప్పేదంతా ఇప్పుడు చెయ్యి దించినవాళ్ళ కోసం.

ఏ బైక్ కొనాలి సార్ అని నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. ఏ కంపెనీ మంచిది, ఏ మోడల్ వేగంగా పోతుంది, ఫ్రేమ్ బరువెంత అంటారు. నా మెడ ఎంతసేపు ఆగుతుంది, నా నడుము ఎంత వంగుతుంది అని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. కాలు కొలుచుకునే కదా చెప్పులు కొంటాం? అంతకన్నా ఎన్నో రెట్లు డబ్బు పోసే బైక్ దగ్గర ఆ కొలత ఎందుకు మర్చిపోతాం?

అసలు ట్రై బైక్ అనేది ఎందుకు పుట్టింది? గాలి కోసం. సమతలం మీద 35 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు మీ కాళ్ళు పెట్టే శక్తిలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. ఆ గాలికి అడ్డంగా నిలబడేది బైక్ అనుకుంటాం. కానీ మూడొంతుల దాకా అడ్డుపడేది మనిషే. మీ ఛాతీ, భుజాలు, తల, చేతులు, తొడలు. ఫ్రేమ్ గొట్టాలు కత్తిలా పలచగా ఉన్నాయని మురిసిపోతాం గానీ, వాటి మీద గోడలా కూర్చునేది మనమే.

ఒక్క లెక్క చెప్తాను. లెక్కలంటే భయపడకండి, ఒక్కటే. గాలిని నెట్టడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే 30 నుంచి 33కి వెళ్ళాలంటే వేగం పది శాతమే పెరిగింది, గాలి కోసం పెట్టే పవర్ మాత్రం 33 శాతం పెరగాలి. మరి కాళ్ళలో అంత లేనప్పుడు ఏం చేస్తాం? గాలికి అడ్డుపడే మన సైజు తగ్గించుకుంటాం. ఆ సైజునీ ఆకారాన్నీ కలిపి చెప్పే అంకెని సీడీఏ అంటారు. రోడ్ బైక్ మీద బ్రేకుల దగ్గర చేతులు పెట్టుకుని కూర్చుంటే సుమారు 0.32 అనుకోండి. ట్రై బైక్ మీద చక్కగా కుదిరిన పొజిషన్‌లో 0.25 అనుకోండి. మనిషిని బట్టి అటూ ఇటూ అవుతుంది, లెక్క కోసం తీసుకుంటున్నాను. గంటకి 35 కిలోమీటర్ల దగ్గర మొదటిదానికి గాలి మీద ఖర్చు 176 వాట్లు, రెండోదానికి 138. అంటే 38 వాట్ల తేడా! నెలల తరబడి ఇంటర్వెల్స్, అంటే మధ్య మధ్య విరామాలతో గట్టిగా తొక్కే సాధన, చేస్తే కూడా అంత పెరగడం ఎంత కష్టమో మీకు తెలుసు. అవే వాట్లు పెడితే 90 కిలోమీటర్ల బైక్ లెగ్‌లో పదకొండు నిమిషాలు మిగులుతాయి.

"నేను 35లో పోలేను సార్, నాది 28" అంటారా? అప్పుడూ దాదాపు 20 వాట్లు మిగులుతాయి. పైగా మీరు రోడ్డు మీద ఎక్కువసేపు ఉంటారు కాబట్టి నిమిషాల్లో లాభం మీకూ బాగానే ఉంటుంది. ఇది వేగంగా పోయేవాళ్ళకి మాత్రమే పనికొచ్చే వస్తువు అనే మాట నమ్మకండి.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు. వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే రేసు. గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ముందున్నది లారెంట్ ఫిన్యోన్. లెమాండ్ బైక్‌కి ఏరోబార్లు ఉన్నాయి, ఫిన్యోన్ బైక్‌కి లేవు. ఆ ఒక్క స్టేజ్‌లో లెమాండ్ 58 సెకన్లు సంపాదించి, మొత్తం టూర్‌ని 8 సెకన్లతో గెలిచాడు. మూడు వారాల రేసు 8 సెకన్లలో తేలింది! ఆ బార్లు ఆయన ఎవరి దగ్గర చూసి పెట్టుకున్నాడు? ట్రయాథ్లీట్ల దగ్గర. సైకిల్ రేసుల వాళ్ళు ఇంకా అనుమానంగా చూస్తున్నప్పుడే మనవాళ్ళు వాటిమీద తొక్కుతున్నారు. నాకు ఈ ఆట మీద ఉన్న గౌరవంలో ఆ సంగతికి కూడా ఒక వాటా ఉంది.

సరే. ఏరోబార్లే రహస్యమైతే మన రోడ్ బైక్‌కి అవి బిగించుకుంటే చాలదా? ఇంకో బైక్ ఎందుకు? మంచి ప్రశ్న. దీనికి జవాబు నేను చెప్పను, మీ ఒళ్ళే చెబుతుంది. అందరూ ఒక్క నిమిషం కుర్చీలో వెనక్కి జరిగి కూర్చోండి. ఇప్పుడు ముందుకు వంగండి, ఛాతీ తొడల దగ్గరికి వచ్చేదాకా. అలాగే ఉండి ఒక మోకాలు పైకెత్తండి. ఎత్తారా? ఏమైంది? తొడ పొట్టకి గుద్దుకుంటోంది. ఊపిరి సగంలో ఆగుతోంది. నడుము గుండ్రంగా అయిపోయింది. ఆ స్థితిలో నిమిషానికి 90 సార్లు మోకాలు ఎత్తాలి, మూడు గంటలు. ఆ తర్వాత పరుగెత్తాలి. ఇక మామూలుగా కూర్చోండి.

ఇప్పుడు మీకు తెలిసింది తుంటి దగ్గర కోణం మూసుకుపోవడం. రోడ్ బైక్‌లో సీటు గొట్టం వాలు 72, 74 డిగ్రీల మధ్య ఉంటుంది. సీటు ఇరుసుకి బాగా వెనక ఉంటుంది. అక్కడ కూర్చుని ఏరోబార్ల మీదికి వంగితే ఇదిగో ఇలా మూసుకుపోతుంది. ట్రై బైక్‌లో ఆ వాలు 76 నుంచి 80 దాకా నిట్టనిలువుగా ఉంటుంది. అంటే మనిషిని ఇరుసు చుట్టూ గడియారం ముల్లులా ముందుకు తిప్పారన్న మాట. ఛాతీకీ తొడకీ మధ్య ఉన్న కోణం అలాగే ఉంది, వీపు మాత్రం నేలకి దగ్గరైంది. 1980ల చివర్లో డాన్ ఎంప్‌ఫీల్డ్ అనే ఆయన క్వింటానా రూ పేరుతో ఈ లెక్క మీదే బైకులు కట్టారు. ఇప్పుడు మీరు చూసే ప్రతి ట్రై బైక్‌లోనూ ఆ ఆలోచనే ఉంది.

ఒళ్ళు ముందుకు తిరిగింది కాబట్టి ఫ్రేమ్ ముందుభాగం కూడా దానికి తగ్గట్టు కిందికి, దగ్గరికి కట్టాలి. రోడ్ బైక్‌కి క్లిప్‌ఆన్ ఏరోబార్లు బిగించి సీటు ముందుకు లాగితే సగం పని అవుతుంది, మిగతా సగం మొరాయిస్తుంది. బరువంతా ముందు చక్రం మీద పడుతుంది, మలుపు దగ్గర బైక్ బెదురుతుంది. అయినా నేను మొదటి సంవత్సరం అదే చెయ్యమంటాను. క్లిప్‌ఆన్ బార్లు పొట్టివి పెట్టుకోండి, హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే స్టెమ్ పొట్టిది వేయండి, ముందుకు వంగిన సీట్‌పోస్ట్ దొరికితే అది వేయండి. ఆ ఏడాదిలో మీ ఒళ్ళు మీకు చాలా నేర్పిస్తుంది. ఆ పాఠం నేర్చుకుని కొన్నవాడు తప్పు బైక్ కొనడం నేను అరుదుగా చూశాను.

కొందరు అసలు కొనక్కర్లేదు కూడా. మీరు వెళ్ళే రేసుల్లో డ్రాఫ్టింగ్, అంటే ముందువాళ్ళ వెనక గాలి చాటున తొక్కడం, అనుమతిస్తారా? అయితే ట్రై బైక్‌తో లోపలికే రానివ్వరు. ఒలింపిక్స్‌లో 2000లో ట్రయాథ్లాన్ మొదలైనప్పటి నుంచీ గుంపులో వెనక నక్కి తొక్కవచ్చు, అందుకే వాళ్ళ కింద డ్రాప్ హ్యాండిల్ ఉన్న రోడ్ బైకులు కనిపిస్తాయి. టీవీలో వాళ్ళని చూసి "చాంపియన్లే రోడ్ బైక్ వాడుతున్నారు కదా" అనుకోకండి, అది నియమం. మనలాంటి ఏజ్ గ్రూప్ వాళ్ళం, అంటే వయసు వారీగా పోటీపడేవాళ్ళం, ఎక్కువగా వెళ్ళేవి డ్రాఫ్టింగ్ నిషేధించిన రేసులు. అక్కడ ఎవరి గాలి వాళ్ళే మొయ్యాలి. ఇక బైక్ భాగం 20 కిలోమీటర్లే ఉండే స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లు మాత్రమే చేసేవాళ్ళకీ, వారం వారం గుంపుతో కలిసి తొక్కడమే ఇష్టమైనవాళ్ళకీ, ఇంట్లో ఒక్క బైక్‌కి మాత్రమే చోటున్నవాళ్ళకీ నా సలహా ఒకటే. రోడ్ బైక్ ఉంచుకోండి. గుంపులో ఏరోబార్ల మీద పడుకుని తొక్కడం పక్కవాళ్ళ ప్రాణం మీదికి తెచ్చే పని, ఎందుకంటే ఆ స్థితిలో చేతి కింద బ్రేకు ఉండదు.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఇది చెప్పడానికే ఇవాళ ఒప్పుకున్నాను నిజానికి.

నా మొదటి ట్రై బైక్ కొనడానికి వెళ్ళినప్పుడు దుకాణంలో అడిగింది ఒక్కటే ప్రశ్న: "మీ రోడ్ బైక్ ఏ సైజు?" 56 అన్నాను. 56 తెచ్చి చేతిలో పెట్టారు. నల్లగా, నిగనిగలాడుతూ, నిలబడిన చోటే పరుగెడుతున్నట్టుంది. నేను ఇంకేమీ అడగలేదు. ఇంటికొచ్చి ట్రైనర్ మీద, అంటే బైక్ కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు మీద, ఎక్కాక అర్థమైంది, మోచేతుల కింద ప్యాడ్లు నాకు మరీ కిందకి, మరీ దూరంగా ఉన్నాయని. ప్యాడ్లని పైకెత్తడానికి ఆ బైక్‌తో వచ్చిన స్పేసర్లు, అంటే కింద పెట్టే ముక్కలు, అన్నీ పెట్టాం. అయినా నాకు కావాల్సినదానికి 40 మిల్లీమీటర్లు కిందే ఉండిపోయింది. అలవాటవుతుందిలే అనుకున్నాను. నాలుగు నెలలు అలవాటు చేసుకుంటూనే ఉన్నాను.

రేసు రోజు వచ్చింది. 90 కిలోమీటర్లు. మొదటి 40 గాల్లో తేలినట్టు పోయాను. ఆ తర్వాత మెడ వెనక, పుర్రె మొదలయ్యే చోట, వేలు పెట్టి నొక్కినట్టు నొప్పి. తల ఎత్తి రోడ్డు చూడలేను, ముందు చక్రాన్నే చూస్తున్నాను. అది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. లేచి బేస్‌బార్, అంటే బ్రేకులుండే అడ్డ హ్యాండిల్, పట్టుకున్నాను. రెండు నిమిషాలు వంగుతాను, అయిదు నిమిషాలు లేస్తాను. చివరి 30 కిలోమీటర్లు దాదాపు నిటారుగా కూర్చునే తొక్కాను. అంత డబ్బు పోసి కొన్న ఏరో ఫ్రేమ్ మీద గోడలా కూర్చుని! అంతకుముందు ఏడాది అదే రూట్‌లో రోడ్ బైక్ మీద పట్టిన సమయం కంటే నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టింది. పరుగుకి దిగేసరికి మెడ తిరగడం లేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, అదే జరిగింది.

ఆ 40 మిల్లీమీటర్లు గుర్తుపెట్టుకోండి. నా వేలి పొడవులో సగం. ఆ సగం వేలు వల్ల ఒక సీజన్ పోయింది.

మరి ఏం కొలవాలి? బైక్ సైజు 54, 56 అన్న అంకెల్ని పక్కన పెట్టండి. ఒక కంపెనీ 56కి ఇంకో కంపెనీ 56కి పొంతన ఉండదు, రోడ్ బైక్ 56కీ ట్రై బైక్ 56కీ అసలే ఉండదు. మీకు కావాల్సినవి రెండు అంకెలు. ప్యాడ్ స్టాక్, ప్యాడ్ రీచ్. ఇరుసు మధ్య నుంచి నిలువుగా పైకి, మోచేతి ప్యాడ్ దాకా ఎంత ఎత్తు? అది ప్యాడ్ స్టాక్. అదే ఇరుసు నుంచి అడ్డంగా ముందుకి, ప్యాడ్ దాకా ఎంత దూరం? అది ప్యాడ్ రీచ్. ఉదాహరణకి 630, 460 అనుకోండి. ప్యాడ్ వెనక అంచుకి కొలిచారా, మధ్యకి కొలిచారా అన్నది కూడా పక్కన రాసుకోండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది. ఇక సీటు ఎత్తు, సీటు ముక్కు ఇరుసుకి ఎంత ముందో వెనకో. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని బైకులు చూడడం మొదలుపెట్టండి. పేరున్న తయారీదారులు చాలామంది ప్రతి ఫ్రేమ్ సైజుకీ ప్యాడ్లు ఎంత కిందికి దిగుతాయి, ఎంత పైకి లేస్తాయి, ఎంత ముందుకి పోతాయి అని పట్టిక ఇస్తారు. మీ అంకె ఆ పరిధికి మధ్యలో పడాలి. అంచులో పడితే వదిలేయండి. ఎందుకో తెలుసా? ఏడాది పోయాక మీ ఒళ్ళు ఇంకాస్త వంగవచ్చు, కిందికి దించాలనిపిస్తుంది. లేదా నడుము పట్టేయవచ్చు, పైకి ఎత్తాల్సి వస్తుంది. రెండు వైపులా జరగడానికి జాగా కావాలి.

ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? బైక్‌ని ఒంటికి తగ్గట్టు సరిచేసే మంచి ఫిట్టర్ దగ్గర అటూ ఇటూ జరిపే ఫిట్ బైక్ ఉంటే అదే ఉత్తమం. బైక్ కొన్నాక ఫిట్ చేయించుకోవడం మనవాళ్ళ అలవాటు. దయచేసి తిరగెయ్యండి. ముందు ఫిట్, ఆ అంకెలతో బైక్. ఆ ఫీజు దండగ అనిపిస్తుంది, నిజమే, నాకూ అనిపించింది. తప్పు ఫ్రేమ్ అమ్ముకుంటే పోయేదాని ముందు అది ఏ మూలకి?

ఫిట్టర్ అందుబాటులో లేకపోతే మీ రోడ్ బైక్‌నే ట్రైనర్ మీద పెట్టండి. క్లిప్‌ఆన్ బార్లు బిగించండి, సీటు ఎంత ముందుకి పోతే అంత జరపండి, ఫోన్‌ని పక్కన ఇరుసు ఎత్తులో పెట్టి వీడియో తియ్యండి. మొదటి రెండు నిమిషాలు చూసుకుని మురిసిపోకండి, అప్పుడు అందరూ అందంగానే ఉంటారు. ఇరవయ్యో నిమిషం చూడండి. రేసులో తొక్కేంత గట్టిగానే తొక్కుతూ ఇరవయ్యో నిమిషం. భుజాలు చెవుల దగ్గరికి వచ్చాయా? సీటు మీద ముందుకి జారుతూ పదే పదే వెనక్కి సర్దుకుంటున్నారా? ప్యాడ్ల మీద ఎముక మీద ఎముక పెట్టినట్టు బరువు హాయిగా వాలిందా, లేక చేతుల కండరాలతో ఒంటిని మోస్తున్నారా? చేతులు వణుకుతున్నాయంటే మోస్తున్నారన్న మాట. పై చెయ్యి, ఈ భుజం నుంచి మోచేయి దాకా, నిలువుకి కాస్త ముందుకి వాలి ఉండాలి. మోచేయి చాపుకుని చేరాల్సి వస్తే రీచ్ ఎక్కువ. ఇరవై నిమిషాలూ అక్కడే ఉండగలిగే పొజిషన్ దొరికేదాకా స్పేసర్లు మార్చండి. ఆ తర్వాత టేపు తియ్యండి, ఇరుసు నుంచి కొలవండి. అదే మీ అంకె. రోడ్ బైక్ మీద కచ్చితంగా రాదు, కానీ 20 మిల్లీమీటర్ల లోపు వస్తుంది. నేను 40 దగ్గర దెబ్బ తిన్నాను.

ఎంత కిందికి వంగితే అంత వేగం అనుకుంటారు. కొంతవరకే నిజం. ప్యాడ్లు 20 మిల్లీమీటర్లు దించి కొన్ని వాట్లు మిగుల్చుకుని, అయిదు నిమిషాలకోసారి నిటారుగా లేస్తే ఆ లాభమంతా ఆవిరి. నూటికి తొంభై పాళ్ళు వంగి ఉండగలిగే ఎత్తే మీకు వేగమైన ఎత్తు. పైగా చాలామందికి ప్యాడ్లు కాస్త ఎత్తి, ముంజేతులు కాస్త పైకి వాల్చి, తలని భుజాల మధ్యకి దించుకుంటే సుఖం పెరుగుతుంది, గాలికి అడ్డం కూడా తగ్గవచ్చు.

సీటు గురించి ఒక్క మాట, సిగ్గుపడకుండా. ఏరోబార్ల మీద వంగినప్పుడు కటి ముందుకి తిరుగుతుంది. రోడ్ బైక్ సీటు మీద బరువు పిరుదుల ఎముకల మీద ఉంటుంది, ఇక్కడ ముందుభాగం మెత్తటి చోటు మీదికి వస్తుంది. తిమ్మిరెక్కుతుంది. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా. చాలామంది "మామూలే" అని భరిస్తారు. మామూలు కాదండీ, నరాలు నలుగుతున్నాయి. ముక్కు పొట్టిగా, మధ్యలో చీలి ఉండే సీట్లు ఇందుకే వచ్చాయి. బైక్‌తో వచ్చిన సీటుతో సరిపెట్టుకోకండి. రెండు మూడు అడిగి తెచ్చుకుని ఒక్కోదాని మీద గంట కూర్చుని చూడండి. నేను ఏరోబార్ల మీద మూడు గంటలు ఉండగలుగుతున్నానంటే సగం పుణ్యం సీటుదే.

క్రాంక్ పొడవు కూడా అంతే. రోడ్ బైక్ మీద 172.5 ఉంటే ట్రై బైక్ మీద 165 అడగండి. 7.5 మిల్లీమీటర్లకే ఏమవుతుంది అనకండి. పెడల్ పైన ఉన్నప్పుడు 7.5 కిందికి దిగింది. పెడల్ కింద ఉన్నప్పుడు కాలు అందడానికి సీటు 7.5 పైకెత్తుతాం. మొత్తం 15. ఇందాక కుర్చీలో మోకాలు పొట్టకి గుద్దుకుంది చూడండి, అక్కడ 15 మిల్లీమీటర్ల జాగా దొరికింది.

ఇక ఫ్రేమ్ విషయం. ముందుభాగమంతా ఒకే ముక్కలా, కేబుళ్ళు, హైడ్రాలిక్ గొట్టాలు అన్నీ లోపలే దాగి ఉన్న బైకులు చూడముచ్చటగా ఉంటాయి. మొదటి ట్రై బైక్‌గా కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి. ప్యాడ్లు 10 మిల్లీమీటర్లు ఎత్తాలంటే ఏం విప్పాలి? రెండు బోల్టులు విప్పి స్పేసరు వేస్తే చాలు అంటే మంచి బైక్. బ్రేక్ గొట్టం ఊడదీయాలి, కొత్తది పెట్టాలి, ఆయిల్ నింపాలి అంటే ఆలోచించండి. మొదటి ఏడాది మీరు కనీసం నాలుగుసార్లు ఎత్తు మారుస్తారు. రేసుకి విమానంలో తీసుకెళ్ళాలంటే ఆ హ్యాండిల్ విప్పి పెట్టెలో పెట్టాలి, తెల్లారితే రేసు అనగా హోటల్ గదిలో మళ్ళీ బిగించాలి. ఆ టెన్షన్ మీకు కావాలా? గాలి సొరంగంలో రెండు వాట్లు ఎక్కువ మిగిల్చే ఫ్రేమ్ కంటే మీ చేతికి లొంగే ఫ్రేమ్ మీకు ఎక్కువ మిగులుస్తుంది. ఇది నా గట్టి అభిప్రాయం.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు ఇటు చూడండి. నాకు సెకండ్ హ్యాండ్ అంటే ఇష్టం, ట్రై బైకులు చాలామంది రెండు రేసులు చేసి అమ్మేస్తారు. కానీ మూడు చోట్ల టార్చి వేసి చూడాలి. ఒకటి, ఫోర్క్ నుంచి పైకి వచ్చే స్టీరర్ గొట్టం. పాత యజమాని తన పొజిషన్‌కి తగ్గట్టు దాన్ని కోసేసి ఉంటే ఇక స్టెమ్ పైకి ఎత్తలేం. సీట్‌పోస్ట్ కూడా అంతే, కోసి ఉంటే పొడుగు కాళ్ళవాళ్ళకి పనికిరాదు. రెండు, చెమట. ట్రైనర్ మీద నెలల తరబడి తొక్కిన బైక్‌లో చెమట ఏరోబార్ బోల్టుల మీదా, స్టెమ్ మీదా, హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగుల్లోకీ కారుతుంది. ఒక మిత్రుడు కొన్న బైక్ ఇలాగే వచ్చింది. బయటికి అద్దంలా ఉంది. ప్యాడ్ల కింద బోల్టు తలల చుట్టూ తెల్లటి ఉప్పు పొర, లోపల ఎర్రటి తుప్పు. అల్లెన్ కీ పెట్టి తిప్పితే బోల్టు కదల్లేదు, తల అరిగి గుండ్రమైపోయింది. చివరికి డ్రిల్లు పెట్టి తీశారు. అలా లోపల తుప్పు పట్టిన బోల్టు రేసులో గుంత మీద విరిగితే? మీ బరువంతా ఆ బోల్టుల మీదే వాలి ఉంది! అందుకే కొనేముందు ప్రతి బోల్టూ మీ ఎదురుగా విప్పి బిగించమనండి. మూడు, కార్బన్ పగుళ్ళు. సీటు బిగించే చోటు, ఇరుసు చుట్టూ, వెనక చక్రం దగ్గర. అనుమానం ఉంటే వదిలేయండి.

ఇంకో చిన్న జాగ్రత్త. టైమ్ ట్రయల్ బైక్‌ని ట్రై బైక్ అని అమ్ముతారు. చూడ్డానికి అన్నదమ్ములే. కానీ సైకిల్ రేసుల సమాఖ్య యూసీఐ నియమాలు సీటు ముక్కు ఎంత ముందుకి రావచ్చో హద్దు పెడతాయి. మనకి ఆ నియమం లేదు, మనం ముందుకి కూర్చుంటాం. ఆ ఫ్రేమ్ మీద మీకు కావాల్సినంత ముందుకి సీటు జరుగుతుందా చూసుకోండి.

గేర్ల విషయం త్వరగా చెప్పేస్తాను. ఎలక్ట్రానిక్ గేర్లకి డబ్బు పెట్టగలిగితే పెట్టండి. ఏరోబార్ కొసన ఒక బటన్, బేస్‌బార్ మీద బ్రేకు పక్కన ఇంకో బటన్. మిట్ట ఎక్కుతూ లేచినప్పుడు గేరు మార్చడానికి మళ్ళీ వంగక్కర్లేదు. పెట్టలేకపోతే బార్ కొసన ఉండే మెకానికల్ షిఫ్టర్లు ఏళ్ళ తరబడి పనిచేస్తాయి, దిగులు వద్దు.

బరువు గురించి అడగబోతున్నారని తెలుసు. ట్రై బైక్ మీ రోడ్ బైక్ కంటే కిలో ఎక్కువే ఉంటుంది. సమతలం మీద 35 కిలోమీటర్ల వేగంలో ఆ కిలోకి అర వాటు కూడా ఖర్చు కాదు. మంచి టైరుకీ సాదా టైరుకీ మధ్య తేడా మాత్రం 15 వాట్ల దాకా ఉంటుంది. కాబట్టి బైక్ మీద కాస్త తగ్గించుకుని మంచి టైర్లు, ఒక ఏరో హెల్మెట్, ఒంటికి అతుక్కునే సూటు, ముంజేతుల మధ్య ఇమిడే నీళ్ళ బాటిల్ కొనండి. లోతైన చక్రాలు చివర. ముందు చక్రం మరీ లోతుగా వద్దు, పక్కగాలి కొట్టినప్పుడు హ్యాండిల్‌ని లాగేది అదే. హవాయిలోని కోనాలో జరిగే ఐరన్‌మ్యాన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అక్కడి గాలుల వల్ల ఏళ్ళ తరబడి వెనక డిస్క్ చక్రాన్ని, అంటే పూర్తిగా మూసి ఉన్న చక్రాన్ని, కూడా నిషేధించి ఉంచారంటే అర్థం చేసుకోండి.

ప్రశ్నలా? అడగండమ్మా. మీరు పొట్టిగా ఉన్నారు, చిన్న సైజు ఫ్రేమ్‌లో కూడా ప్యాడ్లు దూరమవుతున్నాయి అంటున్నారు. ఇది చాలామంది ఆడవాళ్ళ సమస్య, వాళ్ళని పొజిషన్‌కి సర్దుకోమనడం అన్యాయం. పెద్ద చక్రాలు పెట్టి ఫ్రేమ్ చిన్నది చెయ్యాలంటే ముందుభాగం ఒక హద్దు దాటి తగ్గదు, మలుపులో బూటు కొస చక్రానికి తగులుతుంది. అందుకే కొందరు తయారీదారులు చిన్న సైజులకి 650 అనే చిన్న చక్రాలు వేస్తారు. ఆ టైర్లు, ట్యూబులు దొరకడం కాస్త కష్టం, రెండు సెట్లు దగ్గర ఉంచుకోండి. ఒంటికి సరిపోయే బైక్ కోసం ఆ ఇబ్బంది పడవచ్చు.

మీరు, వెనక? రేసుకి ఎన్ని రోజుల ముందు కొనాలి? ఆరు వారాలైనా కావాలి. మొదటి వారం వాహనాలు లేని తిన్నటి రోడ్డు మీద ఏరోబార్ల నుంచి బ్రేకు దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళడం, మళ్ళీ రావడం, ఇదొక్కటే చెయ్యండి. ఆలోచించకుండా చెయ్యి వెళ్ళేదాకా. ఒంటి చేత్తో ప్యాడ్ మీద వాలి నీళ్ళు తాగడం తర్వాత. కొత్త పొజిషన్‌లో మొదట కొన్ని వాట్లు తగ్గుతాయి, కంగారుపడకండి, కండరాలు సర్దుకుంటాయి.

టైమ్ అయిపోయిందంటున్నారు. అదిగో ఆ మూల ట్రైనర్ మీద నా బైక్ ఉంది, టేపు పక్కనే పెట్టాను. సీటూ ప్యాడ్లూ రెండూ తేలిగ్గా జరిగేలా వదులు చేసి ఉంచాను. బూట్లు తెచ్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే రండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు, అంకెలు నేనే రాసిస్తాను. ముందు ఆ అమ్మాయిని రానివ్వండి.